పండుగకు ముందు మామిడి ముక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది నేను గొప్పగా చెప్పుకునే మాట కాదు, బచేలి కంపెనీ క్వార్టర్లలో మా వరసలో ఏ తలుపు తట్టినా చెబుతారు. "మా సువార్త గ్రౌండులోకి దిగితే రిఫరీ విజిల్ జేబులో పెట్టుకోవాల్సిందే" అని మా నాన్న నవ్వేవాడు. ఆయన గనిలో డంపర్ నడిపేవాడు. నేను ఆ ఎర్రమట్టిలో మా అన్నల వెంటపడి ఫుట్‌బాల్ నేర్చుకున్నాను, యూనివర్సిటీకి ఆడాను, మోకాలు పాడుచేసుకుని కోచ్‌నయ్యాను. మోకాలు పోయింది గానీ కోపం ఎక్కడికీ పోలేదు. దానివల్ల నేను చేసిన ఒక పాడుపని గురించే ఇదంతా.

పోయిన జూన్‌లో జగదల్‌పూర్‌లోని మా మిషన్ కాలేజీలో చేరాను. ఎప్పుడో ఆగిపోయిన అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును మళ్ళీ నిలబెట్టాలని పిలిచారు. వచ్చి చూద్దును కదా, నిలబెట్టడానికి అక్కడేముంది, నా తలకాయ! గ్రౌండులో ఒక పక్క చర్చి పెళ్ళిళ్ళకొచ్చిన కార్లు, ఇంకో పక్క ఆవులు. గోల్ పోస్టు మీద హాస్టల్ దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కిందట మిషన్ కాలేజీల టోర్నమెంటులో గెలిచిన కప్పు మాత్రం ప్రిన్సిపాల్ మసీహ్ గారి గదిలో భద్రంగా ఉంది. అందులో ఆయన తాళంచెవులు వేసుకుంటున్నారు.

"దేఖియే మేడం" అని మొదలుపెట్టి మసీహ్ గారు హిందీలో చాలాసేపు చెప్పారు. అందులో నాకు కావలసిన ముక్క ఒక్కటే. ఏప్రిల్ మొదట్లో టోర్నమెంటు మా గ్రౌండులోనే జరుగుతుంది. అందులో మా పదకొండు మంది అమ్మాయిలు ఆడితే జట్టు ఉంటుంది. లేకపోతే గ్రౌండులో కొత్త బ్లాకు కట్టాలని మేనేజ్‌మెంటు నిర్ణయం.

"గెలవమని అడగడం లేదు. పదకొండు మంది నిలబడాలి. సగం జట్టుతో దిగి నవ్వులపాలు చెయ్యకండి, అంతే" అన్నారు.

ఆయన మంచివాడే. పై వాళ్ళకు ఎదురు చెప్పలేని మంచివాడు.

దసరా దాకా హాస్టల్లో గది గదికీ తిరిగి, బతిమాలి, బెదిరించి పది మందిని పోగేశాను. జగదల్‌పూర్‌లోనే ఆటో నడిపే ఆయన కూతురు దుర్గ వాళ్ళందరికీ కెప్టెన్. పిల్లకు కాళ్ళ కన్నా గొంతు గట్టిది. గ్రౌండు ఆ చివర నుంచి అరిస్తే ఈ చివర ఆవు తల తిప్పేది. తొమ్మిదిమందికి పరిగెత్తడం వచ్చు, దుర్గకు అరవడం వచ్చు, గోల్‌లో నిలబడడానికి మాత్రం ఎవరూ లేరు. బంతి వస్తుంటే అందరూ మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేవాళ్ళు.

పదకొండో పిల్ల హాస్టల్ మెస్ వెనక దొరికింది. ట్రాక్టరు నిండా గుమ్మడికాయలు వచ్చాయి. పైనుంచి ఒకతను విసురుతుంటే కింద సన్నగా, నల్లగా ఉన్న ఒక పిల్ల పట్టి గోడ వారన పేరుస్తోంది. ఒక్కటి జారలేదు. అతను అల్లరికి రెండు కాయలు ఒకేసారి విసిరాడు. ఒకటి చేతుల్లోకి, ఇంకొకటి పొట్ట మీదికి తీసుకుని, రెంటినీ మెల్లగా దించి, "ఏంది? ఇట్లనేనా యేసేది? పగిలితే కూర నువ్వొండుతవా?" అంది.

తెలుగు! నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఏ ఊరే నీది?" అని అడిగాను.

"కిష్టారం అవతల మేడం. మీరు తెలుగోళ్ళా?" అంది, అడవిలో సొంతూరి మనిషి కనిపించినట్టు మొహం పెట్టి.

పేరు జోగే. బీఏ మొదటి సంవత్సరం. ఇంట్లో దొర్లి, బయట తెలుగు, క్లాసులో హిందీ, బజారులో హల్బీ. ఏ భాషలోనూ ఎక్కువ మాట్లాడదు. ఫుట్‌బాల్ ముట్టుకుని ఎరగదు. వారం తిరిగేసరికి దుర్గ ఎంత గట్టిగా తన్నినా దాని చేతుల్లోనే పడేది బంతి. మిగతా వాళ్ళు నన్ను చూసి వణికేవాళ్ళు. ఇది మాత్రం నేను తిట్టినంతసేపూ విని, "ఐపోయిందా మేడం?" అని అడిగి వెళ్ళి గోల్‌లో నిలబడేది. నాకు నవ్వు ఆగేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లంటే నాకు ముద్దు.

లెక్కకు పదకొండు మందీ కుదిరారు. పన్నెండోది లేదు.

మార్చి ఆఖరి వారం. టోర్నమెంటుకు ఎనిమిది రోజులుంది. ఆ బుధవారం పొద్దున మేనేజ్‌మెంటు వాళ్ళు టేపు పట్టుకుని వచ్చి కొత్త బ్లాకుకు కొలతలు తీసుకున్నారు. మేం గీసుకున్న పెనాల్టీ గీత మీదనే సున్నంతో గుర్తులు పెట్టి పోయారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. సాయంత్రం ప్రాక్టీసులో ఎండ దెబ్బకు ఒక పిల్ల కళ్ళు తిరిగి కూలబడింది. నా క్వార్టరు వెనక మామిడి చెట్టుంది. అప్పుడప్పుడే కాయ పడుతోంది. నాలుగు కాయలు కోసి, ముక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, స్టీలు డబ్బాలో తెచ్చి అందరి ముందూ పెట్టాను. పిల్లలు తీసుకున్నారు. జోగే తీసుకోలేదు.

"నాకొద్దు మేడం."

"ఎందుకొద్దు?"

"ఇప్పుడు తినం మేడం."

"ఇప్పుడు తినకపోతే టోర్నమెంటు అయ్యాక తింటావా? నువ్వు కూడా కింద పడితే గోల్‌లో ఎవర్ని పెట్టను, నన్నా?"

"నీళ్ళు తాగుత మేడం."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకునే మనిషినైతే ఇంత కథెందుకు? పొద్దుటి సున్నం గుర్తులు నా కళ్ళ ముందే ఉన్నాయి. టేపు పట్టుకున్న వాళ్ళను ఏమీ అనలేకపోయాను. అనగలిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"నా గ్రౌండులో నా మాటే వినాలి! నీ వేషాలు ఇంట్లో వేసుకో. తింటావా, గ్లవ్స్ ఇచ్చేసి పోతావా?" అని అరిచాను.

జోగే నన్ను చూసింది. గ్లవ్స్ విప్పి చంకలో పెట్టుకుంది. సీసాలోంచి నీళ్ళు పోసుకుని చేతులు కడుక్కుంది. ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. మళ్ళీ గ్లవ్స్ తొడుక్కుని గోల్‌లోకి పోయింది. ఆ సాయంత్రం చిన్నపిల్లలు కూడా ఆపగలిగే బంతులు మూడు దాన్ని దాటి లోపలికి పోయాయి. నేను వాటికి కూడా తిట్టాను.

మర్నాడు ఉదయం హాస్టల్లో దాని మంచం ఖాళీ. గ్లవ్స్ శుభ్రంగా ఉతికి, దుర్గ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

"వాళ్ళ ఊళ్ళో ఇంకా మామిడి పండుగ కాలేదు మేడం" అంది దుర్గ. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "పండుగ చేసి, పెద్దలకు, దేవుడికి పెట్టందే కొత్త కాయ నోట పెట్టరు. చెట్టు మీంచి కొయ్యను కూడా కొయ్యరు. మన జట్టులో ఇంకో ఇద్దరి ఊళ్ళలోనూ కాలేదు."

"వాళ్ళు తిన్నారుగా!"

"తినలేదు మేడం. సాక్సుల్లో దాచేశారు."

"మరి ఇదెందుకు తింది? ఇదీ దాచుకోవచ్చుగా?"

దుర్గ నా మొహంకేసి అదోలా చూసింది. "మీరు తినమన్నారు కదా మేడం" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఊరుకుంటుందా? ఒక్క ముక్క తిన్నందుకు ఊరెళ్ళిపోవాలా, ఎవరు చూశారు, నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది అని గదిలోకి వచ్చాక కూడా గొణుక్కుంటూనే ఉన్నాను. గొణుగుతుండగానే మా అమ్మ గుర్తొచ్చింది. బచేలి క్వార్టరు వెనక మాకో జామచెట్టు ఉండేది. మొదటి కాయలు ప్రథమ ఫలాలని చర్చికి ఇచ్చాకే మేం తినాలి. ఏడేళ్ళప్పుడు నేను దొంగతనంగా ఒకటి తిన్నాను. అమ్మ కొట్టలేదు. ఆదివారం నన్ను పాస్టరుగారి ముందు నిలబెట్టి, నువ్వే చెప్పు అంది. చెప్పి ఏడ్చి ఇంటికొచ్చాక ఎంత తేలిగ్గా అనిపించిందో నాకిప్పటికీ తెలుసు. జోగే కూడా అందుకే ఇంటికి పోయింది. దాన్ని ఎవరూ పిలవలేదు, తన తప్పు తనే చెప్పుకోవడానికి పోయింది. మా అమ్మ దగ్గర అదే నేర్చుకున్న పిల్లనే, ఇంకో అమ్మ నేర్పింది చూసి వేషాలు అన్నాను. ఛీ, అనిపించింది.

మసీహ్ గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మెస్‌లో పనిచేసే అమ్మాయిని ఎవరినైనా గోల్‌లో నిలబెట్టండి. పదకొండు లెక్క సరిపోతుంది" అన్నారు.

"లెక్క కోసం కాదండీ" అని శుక్రవారం తెల్లవారుజామున బస్సెక్కాను.

సుక్మా, దోర్నపాల్, కోంట. రాత్రి కోంటలో తెలిసినవాళ్ళింట్లో ఆగి, పొద్దున్నే ఒక జీపు, ఆ తర్వాత మోటార్‌సైకిల్. దారిలో రెండు పోలీసు క్యాంపుల దగ్గర ఆపి పేరు, పని రాయించుకున్నారు. పని అన్న చోట ఫుట్‌బాల్ అని చెబితే జవాను రెండుసార్లు అడిగాడు.

ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. తియ్యటి వాసన. జోగే తల్లితో కలిసి బుట్ట దింపుతూ నన్ను చూసి బిగుసుకుపోయింది. తండ్రి పేరు మాడ. ఆయన మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చాడు.

"ఏందమ్మా, ఇంత దూరం వచ్చినవ్? పిల్ల ఏమన్న తప్పు చేసిందా ఆడ?"

"లేదన్నా" అన్నాను. చెంబెత్తి నీళ్ళన్నీ తాగేశాను.

కాసేపటికి ఊరి పూజారి పొజ్జా వచ్చాడు. వెనక పదిమంది మగవాళ్ళు, ఆడవాళ్ళు. పొజ్జా ముసలాయన, బక్కపలచటి మనిషి. నా ఎదురుగా కింద కూర్చున్నాడు. నేనూ మంచం దిగి కింద కూర్చున్నాను.

"పిల్ల మాకు చెప్పింది బిడ్డా" అన్నాడు. "ఆకలైతే చెట్టు కింద కాయ దొరికింది, తెలిసే తిన్న అని ఒప్పుకుంది. తప్పు కింద ఒక కోడి ఇయ్యాలె. వచ్చే శనివారం పండుగ. పండుగ దాక ఊరు దాటొద్దు. అంతే."

ఆకలైందా? చెట్టు కింద దొరికిందా? నేను జోగే వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది, ఎవరికీ కనపడకుండా, నాకు మాత్రమే.

వెనక నుంచి ఒకాయన అందుకున్నాడు. "ఆ మిషనోళ్ళ కాలేజీకి పోతే మన పండుగలు మరుస్తరని నేను ముందే చెప్పిన. ఇంక మిగిలిన పోరగాళ్ళను పంపుడు బంద్ చెయ్యాలె."

ఆయన పక్కనే ఇద్దరు ఆడపిల్లలు, స్కూలు బట్టల్లో, జోగే వైపే చూస్తూ నిలబడ్డారు. వచ్చే ఏడు మా హాస్టలుకు రావాల్సిన పిల్లలని మాడ మెల్లగా చెప్పాడు. అప్పటికిగాని నాకు బోధపడలేదు. మేడం బలవంతాన తినిపించిందని జోగే చెప్పి ఉంటే దాని మీద తప్పే ఉండేది కాదు. కానీ ఈ ఇద్దరి దారీ మూసుకుపోయేది. అందుకని తన తప్పే అని మీద వేసుకుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల! నేను తిన్న గడ్డికి అది తల వంచింది.

నేను నోరు మూసుకుంటే పిల్లలు కాలేజీకి రావచ్చు, నా పేరూ బయటికి రాదు. జోగే మాత్రం తన ఊరి ముందు అబద్ధంతో మిగిలిపోతుంది. నిజం చెబుదామని వచ్చిన పిల్ల అది.

లేచి నిలబడ్డాను.

"అది ఆకలై తినలేదు. వద్దంది. రెండుసార్లు వద్దంది. నేనే అరిచి, తినకపోతే జట్టులోంచి పొమ్మని, అందరి ముందూ తినిపించాను. మీ పండుగ సంగతి నాకు తెలియదు. తెలియకపోతే అడగాలి కదా, అడగలేదు. తప్పు దానిది కాదు, నాది" అన్నాను.

"మేడం!" అంది జోగే.

వెనక గొడవ లేచింది. పొజ్జా చెయ్యెత్తాడు. నేలమీది ఇప్పపువ్వు ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత నన్ను చూపించి జోగేను ఏదో అడిగాడు, దొర్లిలో. అది తల వంచుకుని, అవునన్నట్టు ఒక్క మాట చెప్పింది.

"బడిల ఇంకే పంతులమ్మన్న ఇట్ల వచ్చి చెప్పుకున్నదా?" అని పోరగాళ్ళను పంపొద్దన్న మనిషిని అడిగాడు పొజ్జా. ముసలాయన నా వైపు తిరిగాడు. "తినిపిచ్చినోళ్ళదే తప్పు. కోడి నువ్వియ్యి. పండుగ దాక నువ్వుండు, ఊరు దాటకు, కాయ ముట్టకు. పిల్లకు తప్పు లేదు, అది పోవచ్చు. మా దేవునికి మొక్కమని నిన్ను అడగం. నీ దేవుడు నీకున్నడు. మాకంటె ముందు తినకు, అంతే."

"శనివారం దాకానా? గురువారం మా టోర్నమెంటు" అన్నాను.

"నిన్నెవ్వరు కట్టెయ్యరు బిడ్డా. పోతే పో. అప్పుడు పిల్ల ఉంటది."

పది నెలలు! పది నెలలు గొంతు చించుకుని, ఆవుల్ని తోలి, దుప్పట్లు తీయించి తయారుచేసిన జట్టు. మొదటిసారి గ్రౌండులోకి దిగే రోజు నేను గీత పక్కన ఉండాలి కదా! ఆ రోజు కోసమే బతికాను కదా! ఒళ్ళంతా మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. సంచిలోంచి గ్లవ్స్ తీసి జోగే చేతిలో పెట్టాను.

"పొద్దున్నే బయలుదేరు" అన్నాను.

"మీరు లేకుంట ఎట్ల ఆడాలె మేడం?"

"బంతి వస్తే పట్టుకో. అంతకన్నా నేను నేర్పిందేముంది?"

మసీహ్ గారికి ఒక చీటీ రాసి ఇచ్చాను. నేను రాలేను, పదకొండో అమ్మాయి వస్తోంది, ఇక మీ దయ అని.

ఆ వారం మాడ ఇంటి అరుగు మీదే ఉన్నాను. రోజూ తెల్లారకముందే జోగే తల్లి మాసే నన్ను లేపి ఇప్పపువ్వు ఏరడానికి తీసుకుపోయేది. ఆవిడ బుట్ట నిండేసరికి నాది అడుగు కూడా కప్పేది కాదు. నా నడుము చూసి ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆదివారం ఒక్కదాన్నే కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే, మాసే పిల్లల్ని అటు రానివ్వలేదు. స్కూలు బట్టల పిల్లలిద్దరూ సాయంత్రాలు వచ్చి హాస్టల్లో కూర ఏం పెడతారని అడిగేవాళ్ళు. గుమ్మడికాయ అని చెబితే వాళ్ళ మొహాలు వాడిపోయేవి. తలెత్తితే చాలు, నెత్తిమీద గుత్తులు గుత్తులుగా మామిడికాయలు. అవి చూసినప్పుడల్లా నా అరుపు నాకే వినిపించేది.

గురువారం మూడింటికి ఆట. ఫోను పట్టుకుని ఊరంతా తిరిగాను. సిగ్నల్ ఎక్కడిది! నాలుగింటికి ఆరబోసిన పువ్వులో మూతి పెట్టిన మేక మీద ఎంత అరిచానో, పాపం, అది ఆ రోజంతా ఆ వాకిట్లోకి రాలేదు.

శుక్రవారం సాయంత్రం మోటార్‌సైకిల్ చప్పుడు వినపడింది. జోగే దిగింది. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది.

"ఎంత? ఎంతకు ఎంత? చెప్పవే!"

"ఓడినం మేడం. ఒకటి, సున్న."

"ఒక్కటేనా!" అని ఎగిరాను. పోయినసారి కప్పు గెలిచిన జట్టుతో ఆట అది.

"తిట్టేటోళ్ళు లేక ఒకటి పోయింది. నడిమిట్ల దుర్గ మీలెక్కనే తిట్టింది మేడం, సేమ్ మీలెక్క. ఇంక ఒక్కటి పోలే" అంటూ చీటీ ఇచ్చింది. మసీహ్ గారి చేతిరాత. పదకొండు మందీ చివరి దాకా నిలబడ్డారు, చూడడానికి ఊరు ఊరంతా వచ్చింది, మేనేజ్‌మెంటు వాళ్ళ ఎదుట లేచి గ్రౌండు ఇవ్వను అన్నాను, ఎలా అన్నానో నాకే తెలియదు, కప్పులోంచి తాళాలు తీసేశాను అని రాశారు. చివర ఒక మాట. వచ్చే ఏటికి పన్నెండో అమ్మాయిని వెతకండి.

శనివారం పండుగ. పొజ్జా పూజ చేసి, పెద్దల పేర్లు చెప్పి వాళ్ళకు పెట్టాడు. నేను కాస్త ఎడంగా కూర్చున్నాను. నా కోడి కూడా అందులోనే పోయింది. తర్వాత కొత్త మామిడి ముక్కలు అందరికీ పంచారు. పొజ్జా నా దగ్గరికి తనే వచ్చి నా అరచేతిలో ఒకటి పెట్టాడు. చుట్టూ అందరూ తింటున్నారు. నా చెయ్యి మాత్రం నోటి దాకా రాలేదు. తింటావా, పోతావా అని అరిచిన నోరు ఇదే కదా!

జోగే తన ముక్క తినలేదు. పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది.

"ఇప్పుడు తినుండ్రి మేడం" అంది, మెల్లగా.

ఇద్దరం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాం. పుల్లగా ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. దుర్గ అడిగితే పులుపుకే అని చెప్పమన్నాను.